రోజుకు ఒక గంట: అరవై దాటాక మెదడు కోసం దేన్ని ఎంచుకోవాలి?

ఉద్యోగ విరమణ అయిన రెండేళ్లకు మా నాన్న ఒకరోజు పేపరు మడిచి పక్కన పెట్టి నన్ను సూటిగా అడిగారు. "మెదడు చురుగ్గా ఉండాలంటే నడవమని ఒకరంటారు, సుడోకు చేయమని ఇంకొకరంటారు, బాదంపప్పు నానబెట్టుకుని తినమని మీ అత్తయ్య అంటుంది. అన్నీ చేసే ఓపిక నాకు లేదు. రోజుకు ఒక గంట ఇస్తాను. అది దేనికి ఇవ్వాలో తేల్చి చెప్పమ్మా."

ఆ ప్రశ్న నాకు నచ్చింది. ఆరోగ్య సలహాలు సాధారణంగా ఇదీ మంచిదే, అదీ మంచిదే అని సరిపెడతాయి. ఏది ముందు, దేనికి ఎంత ఆధారం ఉంది, దేని మీద డబ్బు పెట్టడం దండగ అన్న దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతాయి. నేను డాక్టరును కాను. నాన్న కోసం పరిశోధన పత్రాలు చదవడం మొదలుపెట్టి, ఇప్పటికీ ఆ అలవాటు మానలేదు, అంతే. ఆరోగ్యంగా తిరుగుతున్న అరవై, డెబ్బై ఏళ్లవారి కోసం నేను తేల్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. మతిమరుపు ఇప్పటికే రోజువారీ పనులకు అడ్డొస్తుంటే మాత్రం ఇది పక్కన పెట్టి ముందు న్యూరాలజిస్టును కలవండి.

మెదడు చిన్నప్పుడే తయారైపోతుందని, ఆ తర్వాత అరగడమే తప్ప మారడం ఉండదని ఒకప్పుడు శాస్త్రవేత్తలు కూడా నమ్మేవారు. ఇప్పుడు ఆ నమ్మకం పోయింది. మనం చేసే పనిని బట్టి నాడీకణాల మధ్య కొన్ని కలయికలు బలపడతాయి, కొన్ని సడలుతాయి, కొన్ని కొత్తగా ఏర్పడతాయి. న్యూరోప్లాస్టిసిటీ అంటే ఇదే. వయసుతో ఈ గుణం మందగిస్తుంది గానీ మాయమైపోదు. మరోవైపు, జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్ అనే భాగం పెద్ద వయసులో ఏడాదికి ఒకటి రెండు శాతం చొప్పున కుంచించుకుపోతూ ఉంటుంది. మన ఎంపికలన్నీ ఈ రెండిటి మధ్యనే.

పోలికలోకి దిగేముందు ఒక మెలిక చెప్పాలి. "పనిచేసింది" అనే మాటను పరిశోధకులు మూడు వేర్వేరు సందర్భాల్లో వాడతారు. స్కానింగులో మెదడు పరిమాణం మారినప్పుడు ఒకసారి, జ్ఞాపకశక్తి పరీక్షలో మార్కులు పెరిగినప్పుడు ఇంకోసారి, డిమెన్షియా, అంటే రోజువారీ పనులకు అడ్డొచ్చేంత మతిమరుపు జబ్బు, ఆలస్యంగా వచ్చినప్పుడు మరోసారి. ఒకటి జరిగినంత మాత్రాన మిగతా రెండూ జరుగుతాయన్న హామీ లేదు. సరుకు అమ్ముకునేవారు ఈ మూడిటినీ కలగలిపి మాట్లాడతారు. అందుకే ఏ వార్త చదివినా నేను మొదట చూసేది ఇదే: ఏ అర్థంలో పనిచేసింది?

నడకా, సాగదీసే వ్యాయామాలా?

నడకకు పేరు తెచ్చిన అధ్యయనం 2011లో వచ్చింది. అమెరికాలో కర్క్ ఎరిక్సన్ బృందం 55 నుంచి 80 ఏళ్ల మధ్య ఉన్న 120 మందిని తీసుకుంది. పెద్దగా కదలికలేని జీవితానికి అలవాటుపడినవారు వీళ్లంతా. సగం మంది వారానికి మూడు రోజులు, రోజుకు 40 నిమిషాలు వేగంగా నడిచారు. మిగతా సగం మంది ఒళ్లు సాగదీసే తేలికపాటి వ్యాయామాలు చేశారు. ఏడాది తిరిగేసరికి నడిచినవారి హిప్పోక్యాంపస్ సుమారు 2 శాతం పెరిగింది, రెండో గుంపులో సుమారు 1.4 శాతం తగ్గింది. ఏడాదికి ఒకటి రెండు శాతం తరిగిపోయే చోట రెండు శాతం పెరగడమంటే గడియారాన్ని కొంత వెనక్కి తిప్పినట్టే.

ఇక్కడితో ఆపేస్తే మీకు సగమే చెప్పినదాన్నవుతాను. 2015లో ఫలితాలు వచ్చిన మరో అధ్యయనంలో 70 నుంచి 89 ఏళ్ల మధ్యవారు 1,635 మంది రెండేళ్లు పాల్గొన్నారు. వ్యాయామం చేసినవారికీ, ఆరోగ్య పాఠాలు మాత్రమే విన్నవారికీ ఆలోచనా పరీక్షల్లో తేడా కనిపించలేదు. 2022లో 585 మందితో చేసిన ఇంకో అధ్యయనంలో వ్యాయామాన్నీ, ధ్యానాన్నీ ఏడాదిన్నర పాటు పరీక్షించారు. జ్ఞాపకశక్తి మార్కుల్లో చెప్పుకోదగ్గ మెరుగుదల రెండిటికీ రాలేదు. స్కానింగులో కనిపించిన పెరుగుదల పరీక్షలో మార్కులుగా మారడం అంత తేలిక కాదన్నమాట.

అయినా నా జాబితాలో నడకే మొదటిది. మెదడు రక్తం మీద బతికే అవయవం. బీపీ, షుగరు, కొలెస్టరాల్, నిద్ర, మనసులో దిగులు, వీటన్నిటినీ ఒకేసారి చక్కబరిచే చవకైన పని నడక తప్ప ఇంకొకటి నాకు కనబడలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం చేయమంటుంది. వేగం ఎంత ఉండాలన్నదానికి ఒక కొలత ఉంది: పక్కవారితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. పార్కులో నాలుగు అడుగులు వేసి, బెంచీ మీద అరగంట రాజకీయాలు మాట్లాడి ఇంటికి రావడం స్నేహానికి మంచిదే, దాన్ని నడక లెక్కలో వేయకండి.

యోగా చేసేవారు నొచ్చుకోవద్దు. కీళ్లకు, ఊపిరికి, మనశ్శాంతికి దానివల్ల కలిగే మేలు వేరు. నెమ్మదిగా చేసే ఆసనాలతో గుండె వేగం అంతగా పెరగదు కాబట్టి నడకకు బదులుగా కాకుండా నడకతో పాటు చేయండి. బరువులతో చేసే కండరాల వ్యాయామాన్ని మన ఇళ్లలో పెద్దవాళ్లు పట్టించుకోరు గానీ, కెనడాలోని వాంకూవర్‌లో 65 నుంచి 75 ఏళ్ల మహిళలు 155 మందితో చేసిన అధ్యయనంలో వారానికి ఒకటి రెండుసార్లు బరువులెత్తినవారికి ఏడాదిలో ఏకాగ్రత పరీక్షలో మెరుగుదల వచ్చింది. నీళ్ల సీసాలతో ఇంట్లోనే మొదలుపెట్టవచ్చు.

ఇక నాట్యం. జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో చిన్న గుంపుల మీద ఏడాదిన్నర పాటు ఒక పోలిక జరిగింది. ఒక గుంపు ఎప్పటికప్పుడు కొత్త అడుగులు నేర్చుకుంటూ నాట్యం చేసింది, రెండో గుంపు ఒకే తరహా వ్యాయామం చేసింది. హిప్పోక్యాంపస్ రెండు గుంపుల్లోనూ పెరిగింది. శరీరం తూలకుండా నిలిపే శక్తి మాత్రం నాట్యం చేసినవారిలోనే మెరుగుపడింది. ఇది చదివినప్పుడు నాకు మన కోలాటం గుర్తొచ్చింది. అడుగు గుర్తుంచుకోవాలి, కర్ర సమయానికి తగలాలి, ఎదుటివారు మారుతుంటారు, పాట నడుస్తుంటుంది. కోలాటం మీద ఇలాంటి అధ్యయనమేదీ నేను చదవలేదు, ఇది నా ఊహే. అయినా మీ కాలనీలో కోలాటం బృందం ఉండి, మోకాళ్లు సహకరిస్తుంటే వారంలో రెండు రోజుల నడకను దానికి మార్చుకోవడానికి నేనైతే సందేహించను.

పదకేళా, కొత్త విద్యా?

నేను ఎక్కువసేపు ఆలోచించింది ఇక్కడే. మా నాన్న ఇరవై ఏళ్లుగా పేపర్లో పదకేళి నింపుతున్నారు. పెన్సిలు ముట్టరు, నేరుగా పెన్నుతోనే రాస్తారు. కాఫీ చల్లారేలోపు గళ్లన్నీ నిండిపోతాయి. మెదడుకు తాను చేయవలసింది చేస్తున్నానని ఆయన నమ్మకం.

నా అనుమానమంతా ఆ వేగం మీదే. పదకేళి ఆయనకు ఇప్పుడు సైకిలు తొక్కడంలాంటిది. వేసిన దారిలోనే మెదడు పరుగెత్తుతుంది, కొత్త దారి వేయవలసిన అవసరం పడదు.

దీన్ని సూటిగా పరీక్షించిన అధ్యయనం ఒకటుంది. టెక్సస్ విశ్వవిద్యాలయం డాలస్ శాఖలో డెనిస్ పార్క్ బృందం 60 నుంచి 90 ఏళ్ల మధ్యవారు 221 మందిని గుంపులుగా విడదీసింది. కొందరు డిజిటల్ ఫొటోగ్రఫీ నేర్చుకున్నారు, కొందరు ముక్కలు కలిపి దుప్పట్లు కుట్టడం నేర్చుకున్నారు, కొందరు రెండూ నేర్చుకున్నారు. వారానికి సుమారు 15 గంటలు, మూడు నెలలు. ఇంకొక గుంపు కలిసి కబుర్లు చెప్పుకుంటూ, విహారాలకు వెళుతూ గడిపింది. మరొక గుంపు ఇంట్లో సంగీతం వింటూ, పదాల ఆటలు ఆడుతూ గడిపింది. జ్ఞాపకశక్తి మెరుగుపడింది కొత్త విద్య నేర్చినవారిలో, అందులోనూ ముఖ్యంగా ఫొటోగ్రఫీ నేర్చినవారిలో. ఈ ఫలితాలు 2014లో వచ్చాయి.

ఇందులో గమనించవలసినది పని పేరును కాదు, అది ఆ మనిషికి ఎంత కొత్త అన్నదాన్ని. అమెరికాలో కంప్యూటరు, కెమెరా ఎరగనివారికి ఫొటోగ్రఫీ కష్టమైన విద్య అయింది. మా అమ్మమ్మ పాత చీరలతో జీవితమంతా బొంతలు కుట్టింది. ఆమెకు ఇంకో బొంత కుట్టమని ఇస్తే చేతులు వాటంతటవే కుట్టేస్తాయి. ఆమెకు స్మార్ట్ ఫోనులో మనవరాలికి వీడియో కాల్ చేయడం నేర్పితే అదే ఫొటోగ్రఫీ. అలాగే, ముప్పై ఏళ్లుగా నోటికి వచ్చిన స్తోత్రాన్ని పారాయణం చేయడం భక్తి. ఎప్పుడూ చదవని స్తోత్రాన్ని రోజుకు రెండు శ్లోకాల చొప్పున కంఠస్థం చేయడంలో భక్తితో పాటు మెదడుకు పని కూడా ఉంది.

మరో సంగతి కూడా తెలిసి ఉండాలి. జర్మనీలోనే 50 నుంచి 67 ఏళ్లవారికి మూడు బంతులను ఎగరేసి పట్టుకునే విద్యను మూడు నెలలు నేర్పారు. నేర్చినవారి మెదడులో కదలికను చూసి గ్రహించే భాగంలోనూ, హిప్పోక్యాంపస్‌లోనూ పెరుగుదల కనిపించింది. సాధన మానేసిన మూడు నెలలకు అది మళ్లీ తగ్గిపోయింది. అందుకని మానకుండా చేయగలిగేదాన్నే ఎంచుకోండి. ఇష్టంలేని విద్యను మెదడు కోసం మందులా మింగేవాళ్లు రెండో నెలలో మానేస్తారు.

నాన్న మృదంగం ఎంచుకున్నారు. చిన్నప్పుడు నేర్చుకోవాలని ఉండి కుదరలేదట. మొదటి పాఠం "త ధి తొం నం". నాలుగే అక్షరాలు. కుడిచేయి "నం" అనేసరికి ఎడమచేయి కూడా దానితో పాటే లేచేది. భోజనాల బల్ల మీద, కుర్చీ చేతి మీద, బస్సులో ఒడిలోని సంచీ మీద వేళ్లు ఆడుతూనే ఉండేవి. రెండో వారంలో ఒకసారి చేతులు ఒళ్లో పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నారు. మానేస్తారేమో అనుకున్నాను. "ఎక్కడ తప్పుతున్నానో తెలిసింది, వేలు ముందే దిగుతోంది" అని మళ్లీ మొదలుపెట్టారు. పదకేళి నింపుతున్నప్పుడు ఆయన ముఖంలో ఆ ప్రయాస నేను ఎప్పుడూ చూడలేదు.

ఫోనులో మెదడు ఆటలకు డబ్బు కట్టాలా?

నా సలహా, వద్దు. ఈ ఆటలకు ఆధారమే లేదని నేను అనను. అమెరికాలో 65 ఏళ్లు దాటిన 2,832 మందితో జరిగిన యాక్టివ్ అనే పెద్ద అధ్యయనంలో పది తరగతుల శిక్షణ ఇచ్చారు. తర్కంలో, వేగంగా గ్రహించడంలో శిక్షణ పొందినవారికి ఆయా అంశాల్లో లాభం పదేళ్ల తర్వాత కూడా మిగిలింది. జ్ఞాపకశక్తి శిక్షణ లాభం అన్నాళ్లు నిలవలేదు. చిక్కు ఎక్కడంటే, ఏది సాధన చేస్తే దానిలోనే బాగుపడతారు. 2010లో బ్రిటన్‌లో 11 వేల మందికి పైగా పెద్దలతో ఆరు వారాలు చేసిన పరీక్షలోనూ ఇదే తేలింది: ఆడిన ఆటల్లో నైపుణ్యం పెరిగింది, ఆడని పరీక్షలకు అది పాకలేదు. ల్యూమోసిటీ అనే ఆటల సంస్థ వయసుతో వచ్చే మతిమరుపును ఆపుతామన్నట్టు ప్రకటనలిచ్చినందుకు 2016లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో రాజీపడి 20 లక్షల డాలర్లు చెల్లించింది. సరదాకు ఉచితంగా ఆడండి. చందా కట్టే డబ్బుతో ఒక గురువును పెట్టుకుంటే మనిషి కూడా ఇంటికి వస్తాడు.

రెండో భాష సంగతి

ఇది మన హైదరాబాదులో తేలిన విషయం కాబట్టి ప్రత్యేకంగా చెబుతున్నాను. నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం డిమెన్షియా వచ్చిన 648 మంది వివరాలను పరిశీలించి 2013లో ప్రచురించింది. ఒకే భాష తెలిసినవారితో పోలిస్తే రెండు లేదా అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవారిలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువురానివారిలోనూ ఈ తేడా కనిపించడం దీని బలం. బడికి వెళ్లని మనిషికి కూడా ఇంట్లో తెలుగు, బజారులో ఉర్దూ, పక్కింట్లో హిందీ మాట్లాడే జీవితం ఈ ఊళ్లో మామూలే.

అయితే ఇది జరిగిపోయిన జీవితాలను వెనక్కి తిరిగి చూసిన అధ్యయనం. అరవయ్యోయేట కొత్త భాష మొదలుపెడితే నాలుగున్నరేళ్లు చేతికి వస్తాయని దీన్నుంచి చెప్పకూడదు. భాషను కూడా మృదంగంలా ఒక కొత్త విద్యగానే చూడండి. అవసరం ఉన్నచోటే అది నిలుస్తుంది. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లి ఉండే తల్లిదండ్రులకు ఈ అవసరం నిజమైనది. కారు నడపడం రాక, ఇల్లు దాటి వెళ్లలేక, ఇంగ్లీషులోనే మాట్లాడే మనవలతో నాలుగు ముక్కలు కలపలేక ఒంటరితనంలో పడేవారు ఎందరో ఉన్నారు. అలాంటివారికి నేను వాద్యం కన్నా ముందు భాషనే చెబుతాను, ఎందుకంటే దానితో మనుషులు కూడా దొరుకుతారు.

గంట లెక్కలోకి రానివి, కానీ గంట కన్నా ముందువి

మృదంగం గురువుగారు మూడో నెలలో మాకొక మాట చెప్పారు. "ఆయనకు తాళం తెలుస్తోంది గానీ సన్నని నాదం సరిగ్గా వినబడుతున్నట్టు లేదు." వెళ్లి పరీక్ష చేయిస్తే నిజమే. వయసుతో వచ్చే వినికిడి లోపంలో ముందు పోయేవి ఎత్తు శ్రుతిలో ఉండే సన్నని శబ్దాలు. అందుకే స, ష, ఫ లాంటి అక్షరాలు జారిపోతాయి. "వినిపిస్తోంది గానీ ఏమంటున్నారో తెలియడం లేదు" అని మీ ఇంట్లో పెద్దవారు అంటుంటే అది పరధ్యానం కాకపోవచ్చు, చెవి కావచ్చు. 2023లో అమెరికాలో 70 నుంచి 84 ఏళ్లవారు 977 మందితో చేసిన అధ్యయనంలో వినికిడి యంత్రాల వల్ల మొత్తం మీద తేడా రాలేదు. మతిమరుపు ముప్పు ఎక్కువున్న గుంపును విడిగా చూస్తే మాత్రం మూడేళ్లలో ఆలోచనా శక్తి తరుగుదల 48 శాతం తక్కువగా ఉంది. నాన్న యంత్రం పెట్టుకోవడానికి మొదట సిగ్గుపడ్డారు. కళ్లజోడు పెట్టుకోవడానికి సిగ్గుపడని మనం దీనికి ఎందుకు సిగ్గుపడాలో నాకు అర్థం కాదు.

బీపీ కూడా ఇంతే ముఖ్యం. 9,361 మందితో జరిగిన స్ప్రింట్ అధ్యయనంలో పై అంకెను 120 లోపుకు తెచ్చినవారిలో తేలికపాటి జ్ఞాపకశక్తి లోపం 19 శాతం తక్కువగా వచ్చింది. మీకు ఏ అంకె తగినదో మీ డాక్టరే చెప్పాలి. బీపీ మరీ తగ్గి కళ్లు తిరిగి పడితే ఇంకో కష్టం.

నిద్ర గురించి ఎక్కువ చెప్పను. యాభై, అరవై, డెబ్బై ఏళ్లలో ఎప్పుడూ ఆరు గంటలు లేదా అంతకన్నా తక్కువే నిద్రపోయినవారిలో డిమెన్షియా ముప్పు 30 శాతం ఎక్కువగా ఉందని బ్రిటన్ ఉద్యోగులను పాతికేళ్లు గమనించిన అధ్యయనం చెప్పింది. గట్టిగా గురకపెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టవుతుంటే పరీక్ష చేయించండి. పగలు నేర్చిన పాఠం రాత్రి నిద్రలోనే కుదురుకుంటుంది.

తిండి విషయంలో నా అభిప్రాయం మా అత్తయ్యకు నచ్చదు. ఆకుకూరలు, గింజలు, పప్పులు దండిగా ఉండే భోజనాన్ని మెదడు కోసమే రూపొందించి 604 మందికి మూడేళ్లు పెట్టి చూశారు. మామూలు భోజనం కాస్త తగ్గించి తిన్నవారితో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మంచి తిండి గుండె కోసం, షుగరు కోసం తినండి. జ్ఞాపకశక్తి మాత్రలు, పొడులు కొనకండి. ఒక్కటి మాత్రం పరీక్షించుకోవాలి: బీ12 విటమిన్. శాకాహారులకు, షుగరు కోసం ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారికి అది తగ్గే అవకాశం ఎక్కువ. తగ్గితే మతిమరుపు కూడా రావచ్చు, సకాలంలో గుర్తిస్తే దానికి వైద్యం తేలిక.

ఎవరు ఏది ఎంచుకోవాలి?

ఇప్పటిదాకా కదలకుండా కూర్చున్నవారైతే మొదటి మూడు నెలలు గంటంతా నడకకే ఇవ్వండి. వేరే ఆలోచన వద్దు. ఛాతీలో నొప్పి, మోకాళ్ల బాధ ఉంటే డాక్టరును అడిగి మొదలుపెట్టండి.

ఇప్పటికే రోజూ నడుస్తున్నవారు ఇంకో అరగంట నడక కలిపే బదులు ఆ సమయాన్ని కొత్త విద్యకు ఇవ్వండి. పొలం పనో, నిలబడి చేసే పనో ఇంకా చేస్తున్నవారికి ఒళ్లు కదలడం కొరత కాదు, వారికీ ఇదే మాట. భర్త లేదా భార్య పోయి ఒంటరిగా ఉన్నవారు ఇంట్లో కూర్చుని వీడియోలు చూసి నేర్చుకునేవాటికన్నా పదిమంది కూడేచోట నేర్చుకునేవాటిని ఎంచుకోవాలి. భజన బృందం, కోలాటం, గ్రంథాలయంలో పద్యాల తరగతి, ఏదైనా సరే. విద్య కాస్త తేలికదైనా పరవాలేదు.

మనవలను చూసుకుంటూ గంట కాదు కదా పది నిమిషాలు కూడా దొరకని అమ్మమ్మలకు, నానమ్మలకు నేను చెప్పేది వేరు. మనవడి బడి పుస్తకంలో మీకు రాని పాఠాన్ని వాడితోనే చెప్పించుకోండి. ఇంట్లో మిగతావాళ్లు వారానికి మూడుసార్లయినా ఆమెను నడకకు పంపే ఏర్పాటు చేయాలి. ఆ బాధ్యత ఆమెది కాదు, మనది.

అన్నీ కలిపి చేస్తే ఏమవుతుందన్నది కూడా పరీక్షించారు. అమెరికాలో 60 నుంచి 79 ఏళ్లవారు 2,111 మందితో వ్యాయామం, భోజనం, మెదడుకు పని, నలుగురితో కలయిక, బీపీ తనిఖీ, అన్నీ కలిపి రెండేళ్లు చేయించి 2025లో ఫలితాలు ప్రకటించారు. తమంతట తాము చేసుకున్నవారూ మెరుగుపడ్డారు. క్రమం తప్పకుండా గుంపులో కలుస్తూ, అడిగేవాళ్లుండి చేసినవారు ఇంకాస్త మెరుగుపడ్డారు. అడిగేవాళ్లు ఉండటం, ఈ ఒక్కటి ఇంట్లో మనం ఇవ్వగలిగినది.

మా నాన్న గంట చివరకు ఇలా పంచుకున్నారు: ఉదయం 35 నిమిషాలు వేగంగా నడక, సాయంత్రం 25 నిమిషాలు సాధన. పదకేళి మానలేదు, అది కాఫీ లెక్కలోకి వెళ్లింది. ఎంచుకున్న విద్య ఇంకా పనిచేస్తోందా లేదా అని చూసుకోవడానికి ఆయనకు ఒక గుర్తు చెప్పాను: వాయిస్తూ ఇంకో విషయం ఆలోచించగలుగుతున్నారంటే పాఠం మార్చవలసిన సమయం వచ్చినట్టే. ఆదితాళం అలా చేతికి వచ్చేసింది. గత నెల నుంచి ఖండ చాపు మొదలుపెట్టారు, ఐదు అక్షరాల తాళం. భోజనాల బల్ల మీద వేళ్లు మళ్లీ తప్పుతున్నాయి.